గోలీ చెప్పిన నిజం

బోయినపల్లి గల్లీలో గోలీలాడిన పిల్లలందరికీ ఎరుకే. గోలీలను ఒకదానికొకటి ఆనించి వరసగా పెట్టి ఒక చివర గట్టిగా కొడితే అవతలి చివరిది ఉరుకుతుంది. మధ్యలోవి దాదాపు కదలవు. ఎందుకట్ల?

ఈ ప్రశ్నకు దారి చూపినవాడు క్రిస్టియాన్ హైగెన్స్. 1629లో నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో పుట్టాడు. ఆగివున్న బంతిని అంతే బరువున్న బంతి ఢీకొంటే, వచ్చింది నాలుగింట మూడు వంతుల వేగంతో వెనక్కి మళ్లుతుందని మహా తత్వవేత్త డెకార్ట్ రాశాడు. ఆయన హైగెన్స్ తండ్రికి స్నేహితుడు. అయినా హైగెన్స్ ఊరుకోలేదు. గురువు వాన్ స్కూటెన్ వారించినా వినలేదు. గట్టి బంతుల్లో వచ్చింది ఆగిపోతుందనీ, దాని వేగమంతా రెండోదానికి పోతుందనీ 1656 నాటికి తేల్చాడు. వరసలోనూ ఇదే జరుగుతుంది, వేగం చేతులు మారుతూ చివరిదాకా పోతుంది. రెండింటితో కొడితే రెండు ఉరుకుతాయి. ఒక్కటే రెట్టింపు వేగంతో పోతే ద్రవ్యవేగం సరిపోతుంది కానీ గతిశక్తి రెట్టింపు కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంత చేసీ రాసింది అచ్చు వేయించలేదు. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఇదే ప్రశ్న అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ జవాబులిచ్చారు. 1669లో సొసైటీ పత్రికలో ముందుగా ఆ ఇద్దరివే వచ్చాయి. నొచ్చుకున్న హైగెన్స్ తన సూత్రాలను ఫ్రెంచి పత్రికలో వేయించాడు. 1695లో కన్నుమూశాడు. పూర్తి గ్రంథం 1703లో గానీ వెలువడలేదు.

పెద్దలు చెప్పినా సరిచూడండి. సరిచూసింది మాత్రం పెట్టెలో దాచకండి.