శోకం నుంచి సాధనకు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు జీవితం

స్వదేశంలో తల్లిదండ్రులనో తోబుట్టువులనో కోల్పోయి, కడసారి చూపునకు సైతం నోచుకోలేక లోలోపల కుమిలిపోయే మనవారిని వైద్యురాలిగా నేను తరచుగా చూస్తుంటాను. నిద్ర పట్టడం లేదనో, ఛాతీలో బరువుగా ఉన్నదనో వస్తారు. పరీక్షలలో ఏ లోపమూ కనిపించదు. కాసేపు కూర్చోబెట్టి మాట్లాడితే గాని అసలు వ్యథ బయటపడదు. అట్టి సందర్భాలలో నాకు గుర్తుకు వచ్చే మహనీయులు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన కృషి ఫలించి వెలువడిన ఔషధాలను లోకమంతా వాడుతున్నది. వాటి వెనుక ఉన్న మనిషి ఎన్ని దెబ్బలకు ఓర్చి నిలిచారో తెలిసినవారు తక్కువ.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఆయన ముందుగానే ఉద్యోగం విడవవలసి రావడంతో పెద్ద సంసారం ఇబ్బందుల పాలైంది. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని బాలుడైన సుబ్బారావు ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి పట్టుబట్టి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో ఆయన రెండుసార్లు తప్పారు. మూడవ పర్యాయం మద్రాసు హిందూ హైస్కూలు నుంచి ఉత్తీర్ణులైనారు. ఆ పిదప రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకున్నారు. తల్లి సమ్మతించలేదు. వైద్యం నేర్చి సేవ చేయవచ్చునన్న మఠం వారి సలహా ఆయనను మద్రాసు వైద్య కళాశాలకు నడిపించింది.

అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స శాఖలోని ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురైనారు. ఫలితంగా పూర్తి పట్టాకు మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది. అంతకంటె పెద్ద పిడుగు ఇంటిమీద పడింది. స్ప్రూ అనే వ్యాధి సోకి ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల ఎడంలో మరణించారు. తిన్న ఆహారం ఒంటబట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి కృశించిపోయే జబ్బు అది. నాటి వైద్యశాస్త్రం వద్ద దానికి సరియైన మందు లేదు. అనంతరం అదే వ్యాధి సుబ్బారావు గారినీ పట్టుకున్నది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకుని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులైనారు.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి అండతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో, 1923 అక్టోబరు 26న ఆయన బోస్టన్ చేరారు. భారతీయులకు అమెరికా పౌరసత్వపు అర్హత లేదని అక్కడి సర్వోన్నత న్యాయస్థానం తీర్పు చెప్పిన సంవత్సరం అది. చేతిలో డబ్బు లేదు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరచే పని చేశారు. ఇంటివద్ద భార్య శేషగిరి గారికి కొడుకు పుట్టాడు. తండ్రి కన్నులారా చూడకముందే ఆ పసివాడు కన్నుమూశాడు. సముద్రాల కావలి నుంచి వచ్చిన ఆ వార్తను చదివిన రోజు ఆయన ఎట్లు గడిపారో ఊహించుకోవలసిందే.

ఆయన పనిని విడవలేదు. సైరస్ ఫిస్క్‌తో కలిసి దేహద్రవాలలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించి 1925లో ప్రకటించారు. అది నేటికీ ఇరువురి పేరిట ప్రసిద్ధం. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి.ల పరిశోధన ఆ వెనువెంటనే సాగింది. అయినను హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయానికి వెళ్లారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూకు అది మందైంది. బోదకాలుకు హెట్రజాన్, బాలల రక్తక్యాన్సరుపై సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాల నుంచే వెలువడ్డాయి. 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో ఆయన నిద్రలోనే గుండెపోటుతో మరణించారు. మళ్లీ స్వదేశం చూడలేదు. శేషగిరి గారు ఆయనను తిరిగి చూడనేలేదు.

ఈ జీవితాన్ని కేవలం ధైర్యగాథగా చదివితే సగమే చదివినట్లు. సుబ్బారావు గారు ఒంటరిగా నిలబడలేదు. తల్లి మొండిపట్టు, మఠం వారి సలహా, లక్ష్మీపతి గారి వైద్యం, మామగారి ఆదరణ ఒక్కొక్కటి ఒక్కొక్క మలుపులో ఆయనకు ఊతమిచ్చాయి. మనోబలం మనిషికి పుట్టుకతో వచ్చే వరం అనుకుంటాము. అందులో అధికభాగం చుట్టూ ఉన్నవారు అందించేదేనని నా అనుభవం. రెండవది, దుఃఖానికి ఒక అర్థవంతమైన పని దొరకడం. చేతికి పని ఉన్నప్పుడు శోకం మాయం కాదు గాని, దానిని మోయగల శక్తి కలుగుతుంది.

అయితే ఆయన నుంచి అనుకరించరానిదీ ఒకటి ఉన్నది. పాతికేళ్లు ఇల్లు చూడని ఆ ఎడబాటుకు ఆయన, ఆయన ఇల్లాలు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పనిలో తలదాచుకోవడం వేరు, పనిలో ఊరట పొందడం వేరు. నేడు మనకు ఫోను ఉన్నది, విమానం ఉన్నది, వారం వారం కలుసుకునే ఈ ఆలయ ప్రాంగణం ఉన్నది.

కనుక నా విన్నపం ఇది. మన మధ్య ఎవరి ఇంట నష్టం జరిగినా, పరామర్శను మొదటి వారంతో ముగించకండి. నెల తరువాత వెళ్లి కూర్చోండి, ఒక పూట భోజనం తీసుకువెళ్లండి, పోయినవారి పేరు పలకడానికి జంకకండి. వారాలు గడిచినా నిద్ర, ఆకలి తిరిగి రాకుంటే వైద్యుని వద్దకు వెంటబెట్టుకు వెళ్లండి. బతకాలని లేదన్న మాట ఎవరి నోటనైనా వినబడితే తేలికగా తీసుకోకండి, వారిని ఒంటరిగా విడవకండి. ఈ దేశంలో 988 సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. సాయం అడగడం బలహీనత కాదు. సుబ్బారావు గారంతటి వారు కూడ పరుల చేయి పట్టుకునే సముద్రం దాటారు.