డాక్టర్ రిచర్డ్ స్టీవెన్స్: జీవితము, కృషి

సి భాషలో నెట్‌వర్కు ప్రోగ్రాములు వ్రాయ నేర్చువారికి గురుతుల్యుడు విలియం రిచర్డ్ స్టీవెన్స్. ఆ మహనీయుని జీవితమును మా సోదర విద్యార్థుల ముందుంచ దలచితిమి.

ఆయన 1951 ఫిబ్రవరి 5వ తేదీన, నేడు జాంబియా అనబడు దేశమునందలి లువాన్ష్యా పట్టణమున జన్మించెను. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమున 1973లో విమాన, అంతరిక్ష ఇంజనీరింగు పట్టమును పొందెను. పిదప కిట్ పీక్ జాతీయ వేధశాలలో ప్రోగ్రామరుగా పనిచేయుచునే, అరిజోనా విశ్వవిద్యాలయమునుండి 1982లో డాక్టరేటు సంపాదించెను.

1990లో ఆయన రచించిన 'యునిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్' వెలువడెను. అందలి ఒక చిన్న పాఠమునే ఇచట వివరింతుము. వచ్చిన బైటులను తాత్కాలికముగా నిలుపు జ్ఞాపకస్థలమునకు బఫరు అని పేరు. టి.సి.పి. ప్రవాహము కాలువ నీటివంటిది. ఈవల కడవలతో లెక్కించి పోసినను, ఆవల కడవల హద్దులు నిలువవు. ఒకడు 4096 బైటులను ఒక్కసారిగా పంపినను, గ్రహించువాని 'రీడ్' పిలుపునకు మొదట 1000 మాత్రమే దొరకవచ్చును. ఒకే యంత్రముపై పరీక్షించినపుడు తరచుగా అన్నియు ఒకేసారి వచ్చును; కనుక విద్యార్థి తన ప్రోగ్రాము నిర్దుష్టమని భ్రమించును. దూరపు తంత్రులపై అదియే విఫలమగును. దీనికి స్టీవెన్స్ 'రీడెన్' అను చిన్న ఫంక్షను నొసగెను. అది వచ్చిన బైటులను లెక్కించి, బఫరులో స్థానమును ముందుకు జరిపి, మిగిలినవాటికై మరల అడుగును. సున్న వచ్చినచో ఆవలివాడు పంపుట ముగించెనని గ్రహించి ఆగును.

ఈ లెక్క అల్పవిషయము కాదు. 1988 నవంబరు 2వ తేదీన మోరిస్ పురుగు అను ప్రోగ్రాము వేలాది కంప్యూటరులను స్తంభింపజేసెను. అది చొరబడిన మార్గములలో ఒకటి, పొడవు చూడక నింపబడిన 512 బైటుల బఫరే.

1994 మొదలు 1996 వరకు 'టి.సి.పి./ఐ.పి. ఇల్లస్ట్రేటెడ్' మూడు సంపుటములుగా వెలువడెను. గేరీ రైట్‌తో కలిసి వ్రాసిన రెండవ సంపుటమున సుమారు 15,000 పంక్తుల అసలు సి ప్రోగ్రామును, అందలి 128 బైటుల 'ఎంబఫ్' అను బఫరులతో సహా విశదీకరించెను. ఊహపై ఆధారపడక, తంత్రిపై నిజముగా సాగిన ప్యాకెట్లను పట్టి చూపుట ఆయన బోధనాపద్ధతి.

1999 సెప్టెంబరు 1వ తేదీన, నలుబది ఎనిమిదేండ్ల ప్రాయముననే ఆయన కీర్తిశేషుడయ్యెను. 2000లో యూసెనిక్స్ సంస్థ ఆయనకు జీవిత సాఫల్య పురస్కారము నర్పించెను. ఆయన గ్రంథములను ఇతరులు సవరించి నూతన ముద్రణలుగా వెలువరించిరి.

అడిగినదంతయు వచ్చెనని తలపక, వచ్చినదెంతయో లెక్కించి చూచుటయే ఆయన నేర్పిన పాఠము. మన కళాశాల ప్రయోగశాలలో కూర్చుండు ప్రతి విద్యార్థియు, విద్యార్థినియు దానిని అలవరచుకొందురుగాక యని ఆశించుచున్నాము.