గుమ్మానికి కట్టిన మొక్కజొన్న కంకి

మా లాంగ్ ఐలాండ్‌లో అక్టోబర్ వచ్చిందంటే తలుపులకు రంగురంగుల మొక్కజొన్న కంకులు వేలాడతాయి. కిందటేడు గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ వాటిని చూసి, ఒక్క గింజ మీద ఇన్ని మచ్చలేమిటని అడిగింది.

ఆ మచ్చల గుట్టు విప్పినావిడ మాకు దగ్గర్లోనే, కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో, యాభై ఏళ్లు పనిచేశారు. పేరు బార్బరా మెక్‌క్లింటాక్. 1902లో పుట్టారు. కాలేజీకి వెళ్తే పెళ్లి కాదని తల్లి వద్దన్నారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తండ్రి ఒప్పుకోబట్టి 1919లో కార్నెల్‌లో చేరారు. (సరిగ్గా అదే భయంతో మా అమ్మ నన్ను ఎమ్మెస్సీతో ఆపేసింది.)

తెగిన క్రోమోజోము కొసలు ఒకదానికొకటి అతుక్కుంటాయనీ, అసలు కొసలు మాత్రం అతుక్కోవనీ ఆవిడ 1930ల చివర్లో గమనించారు. ఆ అసలు కొసలే టెలోమియర్లు. మన కణాలు విడిపోయేకొద్దీ అవి అరుగుతాయి. మరీ పొట్టివైతే కణం ఇక విడిపోదు. ముసలితనంలో ఇదొక భాగం.

ఇక మచ్చలు. రంగు జన్యువులో ఒక డీఎన్‌ఏ ముక్క దూరితే గింజకు రంగు రాదు. గింజ పెరుగుతుండగా కొన్ని కణాల్లో ఆ ముక్క లేచిపోతుంది, అక్కడ రంగు తిరిగొస్తుంది. జన్యువులు గెంతుతాయని 1951లో ఆవిడ చెబితే సభలో చాలామందికి ఎక్కలేదు. కొన్నాళ్లకు ఆ ఫలితాలను పత్రికలకు పంపడమే దాదాపు మానేశారు, కానీ మొక్కజొన్న నాటడం మానలేదు. నేనైతే రెండేళ్లకే వదిలేసేదాన్ని. 1983లో, 81వ ఏట, నోబెల్ వచ్చింది, ఎవరితోనూ పంచుకోకుండా.

మన డీఎన్‌ఏలో దాదాపు సగం ఇలాంటి ముక్కలూ వాటి శిథిలాలే. చాలావరకు కదల్లేనివి. మిగతావాటిని కణం కట్టిపడేస్తుంది. డీఎన్‌ఏ దారం ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉండే క్రొమాటిన్‌ను అక్కడ బిగించి ఉంచుతుంది. వయసు పైబడ్డ కణాల్లో ఆ బిగువు కొన్నిచోట్ల సడలి, కొన్ని ముక్కలు మేలుకుంటాయి. దాంతో శరీరంలో వాపు గుణం పెరుగుతుందని పరిశోధకులు ఎలుకల్లో చూశారు.

మెక్‌క్లింటాక్ 1992లో, తొంభయ్యో ఏట పోయారు.

ఇదంతా చెబితే అమ్మ నోబెల్ సంగతి పట్టించుకోలేదు. కంకి మీద చెయ్యి తీయకుండా, నీకు ఇంకా చదవాలని ఉందా అని అడిగింది.