కార్మిక పక్షపాతి శ్రీ వరాహగిరి వెంకటగిరి



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర వ్రాసి పంపమని కార్యవర్గం వారు కోరగానే నాకు కీర్తిశేషులు శ్రీ వి.వి. గిరి గారి పేరు స్ఫురించింది. రాష్ట్రపతిగా ఆయనను అందరూ ఎరుగుదురు. మనబోటి వారికి అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. ఉద్యోగం తీసేసే ముందు కార్మికునికి నోటీసు ఇవ్వాలి, చేసిన సర్వీసుకు లెక్కగట్టి పరిహారం చెల్లించాలి, ఎవరిని ముందు తీయాలన్నదానికి ఒక వరుస ఉండాలి అన్న నియమాలు మన దేశంలో చట్టంగా వచ్చినప్పుడు కేంద్ర కార్మిక మంత్రి ఆయనే. నేను ఒక కర్మాగారం టైం ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేశాను. ఆ కర్మాగారం ఆఖరి రోజుల్లో ఆ నియమాలను ఎదుట పెట్టుకునే లెక్కలు వేశాను. అందుచేత గిరి గారి చరిత్రను ఆ వైపు నుండే చెప్పదలిచాను.

గిరి గారు 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. ఆ ప్రాంతం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న న్యాయవాది, తల్లి సుభద్రమ్మ గారు. న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. ఆంగ్లేయుల పాలన వదిలించుకోవడానికి ఐరిష్ ప్రజలు పోరాడుతున్న రోజులవి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత, అక్కడి ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో ప్రభుత్వం ఆయనను దేశం విడిచి పొమ్మంది. తిరిగి వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు. సహాయ నిరాకరణోద్యమం రాగానే అందులో దిగి జైలుకు కూడా వెళ్ళి వచ్చారు.

ఆయనను కార్మికుల వైపు లాగింది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే అనే కంపెనీ లైను హౌరా నుండి ఖరగ్‌పూర్, బరంపురం మీదుగా వాల్తేరు వరకు వచ్చేది. ఖరగ్‌పూర్‌లో ఆ కంపెనీకి పెద్ద వర్కుషాపు ఉండేది. మన కోస్తా జిల్లాల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈనాటికీ ఆ ఊళ్ళో తెలుగు వినిపిస్తుంది. ఆ కంపెనీ ఉద్యోగుల సంఘాన్ని నిర్మించి, నడిపించిన వారిలో గిరి గారు ముఖ్యులు.

1927-28 ప్రాంతంలో ఖర్చు తగ్గించే పేరుతో కంపెనీ వర్కుషాపు కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించ పూనుకుంది. అప్పట్లో తొలగింపుకు చట్టం అంటూ ఏదీ లేదు. ఎందరిని తీయాలో, ఎవరిని తీయాలో, ఏమివ్వాలో అంతా కంపెనీ ఇష్టం. రైల్వే క్వార్టర్సులో ఉండేవానికి ఉద్యోగంతో పాటు తల దాచుకునే చోటు కూడా పోతుంది. కార్మికులు సమ్మెకు దిగారు. గిరి గారు ఆ సమ్మెను హింసకు తావివ్వకుండా నడిపించారు. చివరకు తొలగింపుకు గురైనవారి విషయంలో కంపెనీ, ప్రభుత్వం దిగిరావలసి వచ్చింది. ఆ అనుభవం ఆయన మనసులో గట్టిగా నాటుకున్నదని తరువాతి చరిత్ర చూస్తే తెలుస్తుంది.

అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు. దానికి ప్రధాన కార్యదర్శిగా, అధ్యక్షునిగా పనిచేశారు. 1926లోను, 1942లోను అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా వారినే ఓడించి, రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో మళ్ళీ జైలు. 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో మరల అదే శాఖ. 1947 నుండి 1951 వరకు సిలోన్‌లో మన హైకమిషనరుగా ఉన్నారు. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ గారి మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. 1953లో బట్టల మిల్లుల్లో సరుకు అమ్ముడుపోక నిల్వలు పేరుకుపోయాయి. కొన్ని షిఫ్టులు ఆపేస్తామని, కార్మికులను ఇంటికి పంపుతామని యజమానులు సిద్ధమయ్యారు. గిరి గారి శాఖ యజమానులను, కార్మికులను, ప్రభుత్వాన్ని ఒకచోట కూర్చోబెట్టింది. అక్కడ కుదిరిన అంగీకారం ఆధారంగా 1953 అక్టోబరు 24 నుండి ఆర్డినెన్సు, ఆ వెనువెంటనే పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ వచ్చాయి.

పాతతరం వారికి విదితమే అయినా, మన పిల్లల కోసం ఆ నియమాలను క్లుప్తంగా చెబుతాను. మస్టర్ రోల్‌లో పేరు ఉండి కూడా, బొగ్గు లేకనో, కరెంటు లేకనో, సరుకు పేరుకుపోయో పని ఇవ్వలేకపోతే దాన్ని లే-ఆఫ్ అన్నారు. ఆ రోజులకు జీతం, కరువు భత్యం కలిపి సగం ఇవ్వాలి. కార్మికుడు మాత్రం రోజుకొకసారి గేటు దగ్గరకు వచ్చి హాజరు వేయించుకోవాలి. శాశ్వతంగా తీసివేస్తే రిట్రెంచ్‌మెంట్. దానికి నెల రోజుల నోటీసు గాని, నెల జీతం గాని ఇవ్వాలి. సర్వీసులో ప్రతి పూర్తి సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం చెల్లించాలి. ఇరవై ఏళ్ళు చేసినవానికి 300 రోజుల వేతనమన్నమాట. ఒక తరగతి పనివారిలో ఆఖరున చేరినవానిని ముందు తీయాలి. ఆ వరుస తప్పిస్తే కారణం కాగితం మీద వ్రాసి చూపాలి. మళ్ళీ పని దొరికినప్పుడు, తీసేసినవారినే ముందుగా పిలవాలి.

డబ్బు విషయంలో ఇది గొప్ప మొత్తమేమీ కాదు. కాని ఆ వరుస ఉన్నదే, దాని విలువ నాకు నోటీసు బోర్డు దగ్గర తెలిసింది. 1991 తరువాత ఆర్థిక సంస్కరణలు వచ్చాయి. 1992 ఫిబ్రవరిలో కేంద్రం జాతీయ పునరుద్ధరణ నిధి ఏర్పాటు చేసింది. పేరు విని పాత మిషన్లకు కొత్తవి వస్తాయని ఆశపడ్డవాళ్ళున్నారు. ఆ నిధిలో ఎక్కువ భాగం వి.ఆర్.ఎస్. చెల్లింపులకే పోయింది. మన జిల్లాలోనే యర్రగుంట్లలోని కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్ ఫ్యాక్టరీ ఆ దశాబ్దం చివర ప్రైవేటు కంపెనీ చేతికి మారింది. వరంగల్ ఆజంజాహి మిల్లు వంటి పేరున్న మిల్లు కూడా మూతపడిపోయింది.

నేను పనిచేసిన కర్మాగారం పేరు ఇక్కడ అప్రస్తుతం. అక్కడ జాబితా రావడానికి రెండేళ్ళ ముందే పుకారు వచ్చింది. నిజానికి జాబితా కన్నా ఆ రెండేళ్ళే మనుషులను ఎక్కువ కుంగదీశాయి. క్యాంటీన్‌లో మాటలు తగ్గిపోయాయి. ఇరవై ఏళ్ళుగా ఒకే మిషన్ మీద చేసినవాళ్ళు ఒకరినొకరు అనుమానంగా చూసుకోసాగారు. పిల్లకు సంబంధం కుదుర్చుకున్నవాళ్ళు ముహూర్తం పెట్టుకోవడానికి జంకారు. రోజుకు ఇద్దరు ముగ్గురు నా టేబుల్ దగ్గరకు వచ్చి, తాము చేరిన తేదీ రిజిస్టరులో ఒకసారి చూడమని అడిగేవారు. ఆ తేదీ వారికి తెలియక కాదు. అది అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నదని తెలుసుకోవడానికి. పైవాళ్ళకు ఎంత దగ్గరవాడైనా ఆ తేదీని దాటిపోలేడన్నదే వారికి మిగిలిన ధైర్యం.

తరువాత వి.ఆర్.ఎస్. వచ్చింది. 1988 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం సర్వీసులో ఏడాదికి నెలన్నర జీతం, లేదా మిగిలిన సర్వీసు నెలల జీతం, ఏది తక్కువైతే అది. నాలుగు వేల జీతంతో ఇరవై ఏళ్ళు చేసినవానికి లక్షా ఇరవై వేలు రావాలి. కాని ఇంకా రెండేళ్ళే సర్వీసు మిగిలి ఉంటే తొంభై ఆరు వేలే వస్తుంది. ఆ డబ్బుతో కొందరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారు, కొందరు ప్రొద్దుటూరులో వడ్డీకి తిప్పారు, కొందరు మా రాజుపాలెం చుట్టుపక్కల నల్లరేగడిలో శనగ వేసుకుని బ్రతికారు. నలభై ఐదేళ్ళ వయసులో పొద్దున సైరన్ వినబడక ఏం చేయాలో తోచక కూర్చున్నవారినీ చూశాను. పరిహారం ఆ ఇంటికి బియ్యం తెచ్చింది గాని, ఆ మనిషికి మునుపటి మర్యాదను తేలేకపోయింది.

ఇది గిరి గారికి ముందే తెలుసు. అందుకే ఆయన చట్టంతో ఆగలేదు. కోర్టు, ట్రిబ్యునల్ ఇచ్చే తీర్పు కన్నా యాజమాన్యం, కార్మికులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకున్న ఒప్పందమే నిలుస్తుందని ఆయన నమ్మకం. దాన్ని గిరి పద్ధతి అని పిలిచేవారు. మంత్రివర్గంలో దానికి తగిన మద్దతు దొరకలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించి మార్చింది. అటువంటప్పుడు కార్మిక మంత్రిగా తాను ఉండడం న్యాయం కాదని గిరి గారు రాజీనామా చేశారు. ఆ తరువాత ప్రభుత్వం కమిషన్ వేసి, 1955లో ప్రత్యేక చట్టం చేసి ఆ వివాదాన్ని పరిష్కరించింది. మన సంఘంలోని బ్యాంకు మిత్రులకు ఈ చరిత్ర కొత్త కాదు.

ఆయన చేసిన చట్టంలో ఒక లోటు కూడా బయటపడింది. ఫ్యాక్టరీ మొత్తం మూసివేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని 1956 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 1957లో పార్లమెంటు మరల సవరణ చేసి మూసివేతకు, యాజమాన్యం మార్పుకు కూడా నోటీసు, పరిహారం వర్తించేట్లు చేసింది.

1957 ఎన్నికల్లో ఓడిపోయిన గిరి గారు ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1969లో జాకిర్ హుస్సేన్ గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతిగా ఉండి, రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. ఎదుటి అభ్యర్థి మన రాయలసీమ బిడ్డ నీలం సంజీవరెడ్డి గారు. మా ఊరి రచ్చబండ మీద ఎక్కువమంది రెడ్డి గారి పక్షమే. రెండవ ప్రాధాన్యత ఓట్ల లెక్కింపుతో గిరి గారు గెలిచారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలోనే 1971లో ఉద్యోగుల కుటుంబ పింఛను పథకం, 1972లో గ్రాట్యుటీ చట్టం వచ్చాయి. ఇవి ప్రభుత్వం, పార్లమెంటు చేసినవే గాని, గ్రాట్యుటీ చట్టానికి ఆమోద ముద్ర వేసినది రైల్వే కార్మికుల మధ్య పెరిగిన చేయి కావడం గమనార్హం.

అదే కాలంలో ఒక చేదు సంగతి కూడా జరిగింది. 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మెను ప్రభుత్వం కఠినంగా అణచివేసింది. వేలాదిమంది ఉద్యోగాలు పోయాయి. రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను స్థాపించినవారిలో ఒకరు ఆనాడు రాష్ట్రపతి భవనంలో ఉండి కూడా దానిని ఆపలేకపోయారు. ప్రభుత్వం చెప్పినట్లు సంతకాలు పెట్టారన్న విమర్శ ఆయన మీద ఉంది. దానిని దాచి చరిత్ర వ్రాయడం సబబు కాదు. అయితే 1954లో మంత్రి పదవిని వదిలిన మనిషి కూడా ఆయనే అన్న సంగతిని దాని పక్కనే పెట్టి చూడాలి.

1974 ఆగస్టులో పదవీ విరమణ చేశారు. 1975లో భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ ఇప్పుడు ఆయన పేరు మీదనే ఉంది.

2025 నవంబరు 21 నుండి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమలులోకి వచ్చింది. మూసివేతకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అనే నియమం ఇదివరకు వందమంది ఉన్న ఫ్యాక్టరీలకు ఉండేది, ఇప్పుడు మూడు వందలమంది ఉన్నవాటికే. తొలగించిన కార్మికునికి కొత్త పని నేర్చుకోవడానికి మరో 15 రోజుల వేతనం అదనంగా చేర్చారు. నెల నోటీసు, ఏడాదికి 15 రోజులు, ఆఖరున చేరినవాడు ముందు అన్నవి మాత్రం అలాగే నిలిచాయి. డెబ్బై ఏళ్ళు దాటినా ఎవరూ తీసివేయలేకపోయిన లెక్క అది.

మన మనుమలు, మనుమరాండ్రు బెంగళూరులో, హైదరాబాదులో కంపెనీల్లో చేస్తున్నారు. ఒక్క ఈ-మెయిల్‌తో ఉద్యోగం పోయే రోజులివి. ఎవరి పనికి ఏ చట్టం వర్తిస్తుందో అడిగి తెలుసుకోమని, అపాయింట్‌మెంట్ ఆర్డరు, జీతం స్లిప్పులు, చేరిన తేదీ కాగితం భద్రం చేసుకోమని వారికి చెప్పండి. ఒకవేళ ఉద్యోగం పోయి ఇంటికి వస్తే, పోయినది పనే గాని మనిషి కాదని ఇంట్లోవాళ్ళం మనమే గుర్తు చేయాలి. ఆ మాట ఏ చట్టంలోనూ వ్రాయడానికి వీలుకాదు.

కార్మికుని సర్వీసుకు లెక్క కట్టించిన ఆ మహనీయుని స్మృతికి మన సంఘ సభ్యులందరి తరఫున నివాళులు అర్పిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టైం ఆఫీసు గుమాస్తా,
రాజుపాలెం, కడప జిల్లా.