పడే వేగానికి లెక్క కట్టిన గెలీలియో

మేం గల్ఫ్‌లో బిల్డింగ్ పనులు చూసే సూపర్‌వైజర్లం. పొద్దున్నే మనవాళ్లు పరంజా ఎక్కేముందు రోజూ చెప్పే మాట ఒకటే, బెల్టు పెట్టుకుని కొక్కెం తగిలించమని. ఐదు మీటర్ల ఎత్తే కదా అని కొందరు తేలిగ్గా తీసుకుంటారు. ఆ ఎత్తు నుంచి కిందపడటానికి పట్టేది ఒక్క సెకను. నేల తాకేసరికి వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లు. ఈ లెక్కకు దారి వేసినవాడు ఇటలీకి చెందిన గెలీలియో.

ఆయన 1564లో పీసా ఊళ్లో పుట్టాడు. తండ్రి సంగీత విద్వాంసుడు, ఇంట్లో డబ్బుకు కటకట. కొడుకు డాక్టరైతే బాగుంటుందని వైద్యం చదివించబోయాడు. కానీ కుర్రాడి మనసు లెక్కల మీదికి పోయింది. 1585లో పట్టా లేకుండానే చదువు ఆపేశాడు. నాలుగేళ్లకు అదే విశ్వవిద్యాలయంలో లెక్కల మాస్టారయ్యాడు.

1591లో తండ్రి పోయాడు. పెద్దకొడుకు కాబట్టి చెల్లెళ్ల కట్నాల బరువు గెలీలియో నెత్తిన పడింది. సంగీతం వృత్తిగా పరదేశం పోయిన తమ్ముడు తన వాటా కట్టలేదు. ఎక్కువ జీతం కోసం 1592లో గెలీలియో సొంత రాజ్యం విడిచి వెనిస్ రాజ్యంలోని పాదువాకు వెళ్లాడు. అక్కడ పద్దెనిమిదేళ్లున్నాడు. ట్యూషన్లు చెప్పాడు, విద్యార్థులకు ఇంట్లోనే బస, భోజనం పెట్టి డబ్బు తీసుకున్నాడు, కొలత పరికరాలు చేయించి అమ్మాడు. నెలనెలా ఇంటికి పైకం పంపే మనకు ఈ కథ కొత్తేం కాదు.

బరువైన వస్తువు ముందు పడుతుందని అరిస్టాటిల్ కాలం నుంచీ నమ్మకం. పీసా గోపురం మీంచి గెలీలియో గుండ్లు వదిలాడన్న కథ శిష్యుడు రాసింది, దాన్ని చాలామంది చరిత్రకారులు అనుమానిస్తారు. ఆయన నిజంగా చేసింది వేరు. నిలువునా పడేదాన్ని కొలిచే గడియారం అప్పట్లో లేదు. అందుకని వాలుగా పెట్టిన చెక్కలో గాడి తీసి కంచు గుండు దొర్లించాడు. తొట్టి నుంచి సన్నటి గొట్టంలో కారిన నీళ్లను తూచి కాలం లెక్కగట్టాడు. మొదటి క్షణంలో ఒక వంతు దూరం పోతే రెండోదాంట్లో మూడు వంతులు, మూడోదాంట్లో ఐదు వంతులు పోతుందని తేలింది. అంటే కాలం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఇవాళ్టి కొలతల్లో చెప్పాలంటే పడేవాడి వేగం ప్రతి సెకనుకూ గంటకు 35 కిలోమీటర్ల చొప్పున పెరుగుతుంది. రెండు సెకన్లలో 20 మీటర్లు, అంటే దాదాపు ఆరంతస్తులు.

గాలి అడ్డుపడి వేగం ఒక హద్దు దగ్గర ఆగుతుందని కూడా ఆయన గ్రహించాడు. విమానంలోంచి దూకే స్కైడైవర్ సుమారు 12 సెకన్లలో గంటకు 200 కిలోమీటర్ల దగ్గరికి చేరి, ఆపైన పెద్దగా వేగం పెరగకుండా పడతాడు. పరంజా మీంచి పడేవాడికి గాలి సాయపడేంత వ్యవధే ఉండదు.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో చర్చి కోర్టు ఆయనకు శిక్ష వేసింది. తర్వాత ఫ్లోరెన్స్ దగ్గర సొంత ఇంట్లోనే బందీ. మరుసటేడు ప్రాణంగా చూసుకున్న పెద్ద కూతురు పోయింది. చూపు కూడా పోయింది. అయినా వస్తువులు పడే తీరు మీద రాసిన పుస్తకం 1638లో హాలండ్‌లో అచ్చయింది. 1642 జనవరి 8న కన్నుమూశాడు.

1971లో అపోలో 15 వ్యోమగామి గాలి లేని చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలాడు. రెండూ కలిసే నేల తాకాయి. మన సైటులోనూ అంతే. ఇరవై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ అయినా, నిన్న దిగిన హెల్పర్ అయినా పడే వేగం ఒకటే. ఆ ఒక్క సెకనులో ఎవరి చేతికీ ఏదీ అందదు. ముందే తగిలించిన కొక్కెమే దిక్కు.