ఒక్కరోజు కూడా సెలవు పెట్టని మనిషి

పధ్నాలుగేళ్లపాటు ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండా పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, మన ఇళ్లల్లో అమ్మలూ అత్తగార్లూ చాలామందే చేతులెత్తుతారు. కాకపోతే వాళ్ల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. అమెరికాలో ఒకాయన అలాగే పనిచేస్తే మాత్రం లెక్కపెట్టి మరీ రాశారు. వరసగా 2,130 ఆటలు! జ్వరమొచ్చినా, నడుం పట్టేసినా, వేళ్లు విరిగినా ఆయన మానలేదు. చివరికి ఒకరోజు తనంతట తానే వెళ్లి, ఇక నన్ను పక్కన పెట్టండని చెప్పుకున్నాడు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఆరైనా నిండలేదు.

ఆయన పేరు లూ గెరిగ్. న్యూయార్క్ యాంకీస్ అనే బేస్‌బాల్ జట్టులో ఆటగాడు. చనిపోయి ఎనభై ఏళ్లు దాటింది. అయినా అమెరికాలో ఆయన పేరు ఇప్పటికీ ఆటల మైదానాల్లోనే కాదు, ఆస్పత్రుల్లో కూడా వినిపిస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆయన ప్రాణం తీసిన జబ్బుకి ఆయన పేరే పెట్టుకున్నారు అక్కడి జనం.

అమ్మ రెక్కల కష్టం

లూ 1903 జూన్ 19న న్యూయార్క్ నగరంలో పుట్టాడు. తల్లి క్రిస్టీనా, తండ్రి హైన్రిచ్ జర్మనీ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు. నలుగురు బిడ్డలు పుడితే దక్కినవాడు ఇతనొక్కడే. తండ్రిది రేకుల పని. ఒంట్లో బాగుండక కొన్నాళ్లు, తాగుడు వల్ల కొన్నాళ్లు ఆ పని సరిగా సాగేది కాదు. ఇల్లు ఈదుకొచ్చింది తల్లే. నలుగురిళ్లలో వంట చేసింది, బట్టలు ఉతికింది, ఇస్త్రీ చేసింది. ఆ బట్టల మూటలు ఇంటింటికీ మోసుకెళ్లి ఇచ్చి రావడం కొడుకు వంతు.

తర్వాత ఆమెకి కొలంబియా యూనివర్సిటీ కుర్రాళ్లు ఉండే ఒక ఇంట్లో వంటపని దొరికింది. లూ సాయంత్రాలు అక్కడికి వెళ్లి వడ్డించేవాడు, గిన్నెలు కడిగేవాడు. ఏ కుర్రాళ్లకి వడ్డించాడో వాళ్ల యూనివర్సిటీలోనే తన కొడుకు కూడా చదివి ఇంజనీరు కావాలన్నది ఆ తల్లి కల. సగం నెరవేరింది కూడా. ఆటల్లో చురుకు కాబట్టి స్కాలర్‌షిప్ వచ్చి 1921లో కొలంబియాలో చేరాడు.

1923లో క్రిస్టీనాకి న్యుమోనియా వచ్చింది. తండ్రి ఆరోగ్యమూ అంతంతమాత్రం. ఆస్పత్రి బిల్లులు పేరుకుపోయాయి. సరిగ్గా అప్పుడే, కాలేజీ ఆటల్లో లూ బ్యాటింగ్ చూసిన యాంకీస్ మనిషి ఒకరు, సంతకం చేస్తే 1,500 డాలర్లు ఇస్తామన్నారు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. లూ చదువు మధ్యలో వదిలేసి సంతకం పెట్టేశాడు. ఆటలాడి బతకడమేమిటని తల్లి బాధపడింది. కానీ ఆ డబ్బు ఖర్చయింది ఆ ఇంటి కోసమే.

ప్రతి బంతీ అందుకునేవాడు

బేస్‌బాల్ మనకి అంతగా తెలిసిన ఆట కాదు కాబట్టి ఒక్క మాట చెప్పాలి. మైదానంలో నాలుగు మూలలా నాలుగు గుర్తులుంటాయి. వాటిని బేస్‌లంటారు. బ్యాటుతో బంతిని కొట్టినవాడు ముందు మొదటి బేస్ దగ్గరకి పరిగెత్తాలి. నేలమీద దొర్లుకుంటూ వెళ్లిన బంతిని అవతలి జట్టువాళ్లు పట్టుకుని, అక్కడ నిలబడ్డ తమ మనిషికి విసురుతారు. అతను బేస్‌ని కాలితో తొక్కిపట్టి, పరిగెత్తేవాడికంటే ముందే బంతి అందుకుంటే ఔట్. పక్కకి విసిరినా, నేలకి తగిలేలా విసిరినా, పైకి విసిరినా ఒడిసిపట్టుకోవడమే అతని పని. పట్టినప్పుడు విసిరినవాడిని మెచ్చుకుంటారు, వదిలితే ఇతన్ని తిడతారు. లూ గెరిగ్ చేసింది ఆ పని.

మొదటి రెండేళ్లూ ఎక్కువగా చిన్న జట్టులోనే గడిచాయి. 1925 జూన్ 1న ఇంకొకరి బదులు ఒక్కసారి బ్యాటు పట్టాడు. మర్నాడు వాలీ పిప్ అనే పేరున్న ఆటగాణ్ణి కూర్చోబెట్టి, మొదటి బేస్ దగ్గర లూని నిలబెట్టారు. పిప్ ఆ రోజు తలనొప్పి అన్నాడని, ఆ ఒక్క తలనొప్పితో ఉద్యోగం పోయిందని కథలు చెబుతారు. నిజానికి జట్టు ఓడిపోతూ ఉంటే మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ కొందరిని మార్చి చూశాడు. ఎలా దొరికితేనేం, ఆ చోటు లూ మళ్లీ పధ్నాలుగేళ్లపాటు వదల్లేదు.

ఆడింది మామూలు ఆట కాదు. నూరుసార్లు బ్యాటు పడితే ముప్ఫైసార్లు బంతిని సవ్యంగా కొట్టినవాణ్ణి గొప్పవాడంటారు ఆ ఆటలో. లూ ఆటగాడిగా ఉన్నన్నాళ్ల సగటు ముప్ఫై నాలుగు. హోమ్ రన్ అంటే మన సిక్సర్ లాంటిది. అవి 493 కొట్టాడు. జట్టు ఆరుసార్లు వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు మైదానంలో ఉన్నాడు.

అయినా పేరంతా పక్కవాడికి పోయేది. అదే జట్టులో బేబ్ రూత్ ఉన్నాడు మరి. మాటకారి, విలాసపురుషుడు, జనానికి ఆరాధ్యదైవం. 1927లో లూ 47 హోమ్ రన్లు కొట్టాడు. రూత్ 60 కొట్టాడు. ఎవరికి గుర్తుంటుంది 47? 1932 జూన్ 3న ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు లూ. మర్నాడు పేపర్లలో పెద్ద అక్షరాలన్నీ తనవే కావాలి. కానీ సరిగ్గా ఆ రోజే జాన్ మెక్‌గ్రా అనే ముప్ఫై ఏళ్ల అనుభవమున్న మేనేజర్ పదవి వదిలాడు. వార్త అటు వెళ్లిపోయింది. లూ దాని గురించి గొణిగినవాడు కాదు. మర్నాడు మళ్లీ పనికి వెళ్లాడు.

అత్తా కోడలూ

ముప్ఫై ఏళ్లొచ్చేదాకా లూ తల్లి చేతి వంటే తిన్నాడు. అప్పుడు షికాగో అమ్మాయి ఎలినార్ ట్విచెల్ జీవితంలోకి వచ్చింది. బాగా బతికి చితికిన కుటుంబం ఆమెది. చదువుకున్నది, చురుకైనది, నవ్వుతూ మాట్లాడగలది. క్రిస్టీనాకి నచ్చలేదు. ఆ తల్లి రెక్కలు ముక్కలు చేసుకుని పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకు కదా! ఇక్కడ ఎవరిని తప్పుపడతాం?

గొడవలు ముదరక ముందే పెళ్లి చేసేసుకుందామనుకున్నారు ఇద్దరూ. 1933 సెప్టెంబరు 29న, న్యూ రోషెల్ ఊళ్లో వాళ్లు కొత్తగా తీసుకున్న ఇంట్లో, పనివాళ్లు ఇంకా మరమ్మతులు చేస్తుండగానే, ఆ ఊరి మేయరు వచ్చి పెళ్లి జరిపించాడు. అది కాగానే పెళ్లికొడుకు మైదానానికి పరిగెత్తాడు. పెళ్లిరోజున కూడా సెలవు లేదు!

క్రిస్టీనా నోటి మాట ఇంకోచోట కూడా గాయం చేసిందంటారు. బేబ్ రూత్ కూతుళ్లలో ఒకరికి మంచి బట్టలు, ఇంకొకరికి మామూలు బట్టలు వేస్తున్నారని ఆమె ఏదో అన్నదట. అది రూత్ ఇంటిదాకా వెళ్లింది. అప్పటిదాకా ఒకే కంచంలో తిన్నట్టున్న ఇద్దరు ఆటగాళ్లూ మాటలు మానేశారు. అలా ఏళ్లు గడిచాయి.

దాచుకున్న నొప్పులు

1934లో ఒక ఆటలో బంతి తలకి తగిలి లూ స్పృహ తప్పి పడిపోయాడు. వాచిన తలకి పెద్ద టోపీ పెట్టుకుని మర్నాడు ఆడాడు. అదే ఏడాది నడుం పట్టేసి నిలబడలేకపోతే, పేరు వరస తెగకుండా మొదట్లోనే ఒక్కసారి బ్యాటు పట్టి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడో డాక్టర్లు చేతులు ఎక్స్‌రే తీస్తే, విరిగి వాటంతటవే అతుక్కున్న గుర్తులు పదిహేడు కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు, కట్టు కట్టించుకోలేదు.

ఎలినార్ తెలివైనది. 1,999 ఆటల దగ్గర ఆపేయండి, రెండువేలకంటే ఆ అంకె జనానికి ఎక్కువ గుర్తుంటుందని సలహా ఇచ్చింది. ఆయన వినలేదు. 1938 మే 31న రెండువేలవ ఆట ఆడాడు.

ఆ ఏడాదే ఆట తగ్గడం మొదలైంది. కొట్టిన బంతి దూరం పోవడంలేదు. చలికాలంలో ఐస్ మీద స్కేటింగ్‌కి వెళితే మాటిమాటికీ పడిపోతున్నాడు. పిత్తాశయం తేడా చేసిందన్నాడు ఒక డాక్టరు. పథ్యం పెట్టారు. వయసు మీదపడుతోందనుకున్నారు కొందరు. లూ అయితే తన శ్రమ చాలడంలేదనుకుని ఇంకా ఎక్కువ కష్టపడ్డాడు. ఒంట్లో ఏం జరుగుతోందో ఎవరికీ తెలియలేదు. నొప్పిని పట్టించుకోకపోవడమే గొప్ప అని అలవాటైపోయిన మనిషికి ఇది వేరే రకం అని ఎలా తెలుస్తుంది?

1939లో ఎనిమిది ఆటల్లో 28 సార్లు బ్యాటు పట్టి నాలుగుసార్లే సవ్యంగా కొట్టగలిగాడు. ఏప్రిల్ 30న, ఎప్పుడూ చేసే అతి మామూలు పని ఒకటి పూర్తిచేస్తే జట్టువాళ్లు వచ్చి మెచ్చుకున్నారు. ఆ మెప్పే ఆయన గుండెలో గుచ్చుకుంది. రోజూ చేసే పనికి మెచ్చుకుంటున్నారంటే, తన పని అయిపోయిందనే అర్థం.

మే 2న డెట్రాయిట్‌లో మేనేజర్ జో మెక్‌కార్తీ దగ్గరకి వెళ్లి, జట్టు బాగుకోసం తనని తప్పించమన్నాడు. తీసేయడానికి మెక్‌కార్తీకి మనసు రాలేదు అంతవరకూ. కెప్టెన్ కాబట్టి తన పేరు లేని ఆటగాళ్ల జాబితా తానే పట్టుకెళ్లి అంపైర్‌కి ఇచ్చాడు లూ. విషయం మైకులో చెప్పగానే పరాయి ఊరి జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్లి కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు ప్రేక్షకుల్లో ఒకడుగా వాలీ పిప్ కూడా ఉన్నాడు!

ఒకరికొకరు చెప్పుకోని నిజం

మేయో క్లినిక్ డాక్టర్లు ఆరు రోజులు పరీక్షలు చేసి, సరిగ్గా ముప్ఫై ఆరో పుట్టినరోజున జబ్బు పేరు చెప్పారు. ఎ.ఎల్.ఎస్. కండరాలని కదిలించే నరాల కణాలు ఒకటొకటిగా చచ్చిపోతాయి. ముందు చేతులో కాళ్లో, తర్వాత మాట, మింగడం, చివరికి ఊపిరి. తెలివి మాత్రం చాలామందిలో చెక్కుచెదరదు. అదే పెద్ద శిక్ష. స్టీఫెన్ హాకింగ్‌కి వచ్చిందీ ఇదే. పూర్తిగా నయంచేసే మందు ఇప్పటికీ లేదు.

ఇక ఎన్నాళ్లో ఉండదన్న సంగతి ఆయనకి చెప్పొద్దని ఎలినార్ డాక్టర్లని వేడుకుంది. మన ఇళ్లల్లోనూ ఇలాగే చేస్తాం కదూ? డాక్టరుగారి గది బయట కళ్లు తుడుచుకుని, లోపలికి నవ్వు ముఖంతో వెళతాం. ఎలినార్ రెండేళ్లపాటు ఆ నవ్వు నవ్వింది. లూకి అంతా తెలిసే ఉంటుందని, ఆమె కోసం తెలియనట్టు ఉన్నాడని చాలామంది నమ్మకం. ప్రేమకొద్దీ ఇద్దరూ ఎవరి భారం వాళ్లు ఒంటరిగా మోశారు. అది మంచో చెడో తేల్చడం నా వల్ల కాదు. ఆ అవస్థ పడినవాళ్లే చెప్పాలి.

1939 జూలై 4న యాంకీ స్టేడియంలో ఆయనకి సన్మానం చేశారు. అరవై వేలమందికి పైగా వచ్చారు. ఇచ్చిన బహుమతులు చేతుల్లో నిలవక నేలమీద పెట్టేశాడు. మాట్లాడటానికి ముందు వెనకాడినా, చివరికి మైకు దగ్గరకి వచ్చాడు. తన జబ్బు గురించి ఏడవలేదు. తనంత అదృష్టవంతుడు లేడన్నాడు. మైదానం ఊడ్చేవాళ్లని కూడా తలుచుకున్నాడు. తనని చదివించడానికి ఒళ్లు హూనం చేసుకున్న తల్లిదండ్రుల్ని, కూతురితో తగువైతే అల్లుడి పక్షం వహించే అత్తగారిని, కొండంత అండగా నిలిచిన భార్యని తలుచుకున్నాడు. ఆ మాటలయ్యాక బేబ్ రూత్ వచ్చి గట్టిగా కావలించుకున్నాడు. ఆయన వేసుకున్న 4వ నంబరు చొక్కా ఆ జట్టులో ఇంకెవరికీ ఇవ్వకూడదని నిర్ణయించారు. పెద్ద జట్లలో ఆ గౌరవం దక్కిన మొదటివాడు ఆయనే.

ఆట పోయినా పని మానలేదు లూ. న్యూయార్క్ మేయరు పిలిచి ఖైదీల విడుదల చూసే కమిషన్‌లో ఉద్యోగం ఇచ్చాడు. వేళ్లు కదలనప్పుడు ఎలినార్ పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని సంతకాలు పెట్టించేది. 1941 జూన్ 2న ఇంట్లోనే కన్నుమూశాడు. వాలీ పిప్ చోట నిలబడిన రోజుకి సరిగ్గా పదహారేళ్లు.

వాళ్లకి పిల్లలు లేరు. ఎలినార్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆ జబ్బు మీద పరిశోధనకి తనవంతు తోడ్పడుతూ, 1984లో తన ఎనభయ్యో పుట్టినరోజున పోయింది. ఆమెకన్నా ముప్ఫై ఏళ్ల ముందే, 1954లో, క్రిస్టీనా వెళ్లిపోయింది. 2,130 ఆటల రికార్డుని 1995 సెప్టెంబరు 6న కాల్ రిప్కెన్ దాటాడు. రికార్డులు దాటడానికేగా ఉండేవి!

లూ గెరిగ్ ఎందుకు గొప్పవాడంటే అందరూ ఆ అంకే చెబుతారు. నాకు మాత్రం మే 2 గుర్తొస్తుంది. చేతకావడంలేదని నలుగురి ముందూ ఒప్పుకోవడానికి, విరిగిన వేలితో ఆడడానికన్నా ఎక్కువ ధైర్యం కావాలి. మనకి ఆ ధైర్యమే తక్కువ. నడుం నొప్పి, మోకాలి నొప్పి, తగ్గని నీరసం, రొమ్ములో గడ్డ... పండగ అయ్యాక చూద్దాం, పిల్లల పరీక్షలయ్యాక చూద్దాం అనుకుంటూనే ఉంటాం. మన చేతులు ఎక్స్‌రే తీస్తే ఎన్ని పాత విరుగుళ్లు కనిపిస్తాయో!