మాటకు వెరచిన బాలిక

కొత్తవారి ఎదుట కూర్చుని భోజనం చేయాలంటేనే వణికిపోయే బాలిక ఒకతె ఇంగ్లండులో ఉండేది. బల్ల వద్ద చెంచా, కత్తి పట్టుకోవడంలో ఏ పొరపాటు దొర్లుతుందోనని ఆమెకు బెంగ. తోటి పిల్లలతో పరిచయమంటే, వారికి తాను నచ్చనేమోనన్న సంశయం. తాను అందరివంటి మనిషిని కాననీ, తనలో ఏదో వికృతి దాగి ఉన్నదనీ, అది ఏదో ఒకనాడు బయటపడి తీరుతుందనీ లోలోపల కుమిలిపోయేది. ఆ బాలికయే కాలక్రమంలో సేనాధిపతులను, మంత్రులను, వైస్రాయిలను తన లేఖలతో కదిలించిన ఫ్లోరెన్స్ నైటింగేల్. చేత దీపం పట్టి రోగుల మధ్య సంచరించే ఆమె చిత్రాన్ని పాఠ్యపుస్తకాలలో చూడనివారు అరుదు. అయితే ఆ దీపం వెనుకనున్న భక్తిని గురించి గాని, భారతభూమిపై ఎన్నడూ పాదం మోపని ఆ మహిళకు మన కరువుసీమతో ఉన్న సంబంధాన్ని గురించి గాని తెలిసినవారు మాత్రం బహు తక్కువ.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశంలోని ఫ్లోరెన్స్ నగరంలో జన్మించింది. పుట్టిన ఊరి పేరే ఆమెకు పెట్టారు. అక్క నేపుల్స్‌లో పుట్టినందున ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమైన పార్థెనోపీ ఆమె పేరయినది. తండ్రి విలియం నైటింగేల్ సంపన్నుడు, విద్యాప్రియుడు. పూర్వం మన ఇళ్ళలో తండ్రి వద్దనే సంథ చెప్పుకొన్నట్లు, ఈ అక్కచెల్లెళ్ళు తండ్రి వద్దనే గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్త్వశాస్త్రం అభ్యసించారు. చిన్నదానికి గణితమంటే ప్రాణం. తల్లి ఫ్రాన్సిస్‌కు మాత్రం విందులు, వినోదాలు, అతిథుల రాకపోకలు కావాలి. ఇంటినిండా జనం ఉండగా ఈ పిల్ల తనలో తాను ఏవో లోకాలు కల్పించుకొని వాటిలో తిరుగుతూ ఉండేది. అట్లు పగటికలలలో మునిగిపోవడం పాపమని తరువాత తన్ను తాను నిందించుకొన్నది కూడా.

1837 ఫిబ్రవరి 7వ తేదీ. ఆమెకు పదిహేడవ ఏడు ఇంకా నిండలేదు. హాంప్‌షైర్‌లోని ఎంబ్లీ గృహంలో ఉండగా భగవంతుడు తనతో మాట్లాడి తన సేవకు పిలిచినాడని ఆమె స్వయంగా వ్రాసి ఉంచుకొన్నది. ఆ సేవ ఏమిటో మాత్రం ఆ పిలుపులో లేదు. ఇటువంటి అనుభవాలను మన పెద్దలు వెంటనే నమ్మరు, వెంటనే త్రోసిపుచ్చరు. దాని ఫలితం జీవితంలో ఎట్లు పండుతుందో వేచి చూస్తారు. ఈ బాలిక విషయంలో పదహారేళ్ళు వేచి చూడవలసి వచ్చింది. అయిదేళ్ళ ధ్రువునికి అడవికి పోయే స్వాతంత్ర్యమైనా లభించింది. విక్టోరియా కాలపు ధనికుల ఇంటి ఆడపిల్లకు గడప దాటే వీలు లేదు.

రోగులకు సేవ చేయడమే తనకు విధింపబడిన పని అని క్రమంగా ఆమెకు స్పష్టమయినది. 1845లో సాలిస్బరీ ఆసుపత్రిలో కొంతకాలం ఉండి పని నేర్చుకుంటానని అడిగితే ఇంటిల్లిపాదీ ఎదురు తిరిగారు. ఆ కాలపు ఆసుపత్రి దాదులకు మద్యం సేవిస్తారనీ, నడవడి మంచిది కాదనీ అపఖ్యాతి ఉండేది. గౌరవనీయమైన కుటుంబపు బిడ్డ అక్కడికి పోవడమా? తల్లిదండ్రుల కోపాన్ని మనం అర్థం చేసుకోగలం. నేటికీ మన ఇళ్ళలో ఎందరు ఆ అభ్యంతరం చెప్పడం లేదు! ఏళ్ళతరబడి తనను కోరిన రిచర్డ్ మంక్టన్ మిల్న్స్ అనే సహృదయుని వివాహ ప్రస్తావనను 1849లో ఆమె నిరాకరించింది. ఆయనపై ఇష్టం లేక కాదు. గృహిణిగా అతిథి మర్యాదలలో జీవితం గడిచిపోతే తనకు వచ్చిన పిలుపు ఏమవుతుందన్నదే ఆమె ప్రశ్న.

జర్మనీలో రైన్ నదీతీరాన కైజర్స్‌వెర్త్ అనే ఊరిలో ఫ్లీడ్నర్ అనే పాదిరి ఒక సేవాశ్రమం నడిపేవాడు. భక్తురాలైన స్త్రీలు అక్కడ దీక్షతో రోగులను, అనాథలను చూసుకొనేవారు. 1850లో ఆమె దానిని దర్శించింది. మరుసటి ఏడు మూడు నెలలు అక్కడే ఉండి తెల్లవారుజాము నుండి పని నేర్చుకొన్నది. తిండి అతి సామాన్యం, శ్రమ అధికం. మనిషి మాత్రం సంతోషంగా ఉన్నది. 1853లో తండ్రి ఏటా 500 పౌన్లు ఏర్పాటు చేయగా, లండనులో రోగగ్రస్తులైన స్త్రీల ఆశ్రయం ఒకదానికి పర్యవేక్షకురాలైనది. అక్కడి నిర్వాహకులు తమ మతశాఖ వారిని మాత్రమే చేర్చుకోవాలన్నారు. అన్ని మతాల వారినీ చేర్చుకొంటేనే తాను ఉంటానని ఆ బిడియస్తురాలు పట్టుపట్టి సాధించింది. తన కొరకు నోరు తెరవలేని మనిషి, తనకు అప్పగింపబడిన పని కొరకు ఎవరితోనైనా వాదించగలిగింది.

క్రిమియా యుద్ధగాథ అందరూ ఎరిగినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1854 అక్టోబరులో 38 మంది దాదులతో బయలుదేరి నవంబరు మొదటి వారంలో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. గాయాలకన్న విరేచనాలు, జ్వరాలు ఎక్కువమందిని బలిగొన్నాయి. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది రోగులు మరణించారు. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగుకాలువలను శుభ్రం చేయించి, గాలి వెలుతురు వచ్చే ఏర్పాటు చేసిన తరువాతనే మరణాలు తగ్గాయి. యుద్ధానంతరం విలియం ఫార్ అనే గణాంకవేత్తతో కూర్చుని లెక్కలు తీసినప్పుడు, తాను రాత్రింబగళ్ళు కష్టపడిన ఆసుపత్రిలోనే మరణాలు అత్యధికమనీ, కారణం దాని క్రిందనున్న మురుగేననీ తేలింది. దేశమంతా తన్ను దేవతగా కొలుస్తున్న సమయమది. ఆ లెక్కను ఆమె కప్పిపుచ్చలేదు. అంకెలను రంగుల చక్రాలుగా గీయించి అధికారుల ముందు ఉంచింది. నా దృష్టిలో దీపం పట్టిన చిత్రంకన్న ఈ చక్రాల చిత్రమే ఆమె భక్తికి నిజమైన సాక్ష్యం. భగవంతుని నియమాలు అంకెలలో వ్యక్తమవుతాయని, వాటిని చదవడం ఉపాసన వంటిదని ఆమె విశ్వసించింది.

1856లో స్వదేశానికి తిరిగి వచ్చేటప్పుడు పట్టణాలు స్వాగతాలకు సిద్ధమయ్యాయి. ఆమె మిస్ స్మిత్ అనే మారుపేరుతో ప్రయాణం చేసి, రైలు దిగి, ఒంటరిగా నడుచుకుంటూ ఇల్లు చేరింది. చిన్ననాటి బిడియం అప్పటికీ పోలేదు. 1857 నుండి యుద్ధభూమిలో సోకిన జ్వరం తిరగబెట్టగా చాలాకాలం మంచానికే పరిమితమయినది. సభలకు పోదు, చుట్టాలను సైతం ముందుగా అనుకొంటే తప్ప చూడదు. మునులు గుహలలో కూర్చున్నట్లు లండనులోని ఒక గదిలో కూర్చుని వేలకొలది లేఖలు వ్రాసింది. 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో దాదుల శిక్షణాలయం నెలకొన్నదీ ఆ గది నుండి నడిపిన కృషితోనే.

భారతదేశం ఆ గదిలోకి సైనికుల రూపంలో ప్రవేశించింది. ఇక్కడి బ్రిటిష్ సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక తేల్చింది. నివేదిక రెండువేల పుటలకు మించినది. శిబిరం శిబిరానికీ ప్రశ్నావళులు పంపి వచ్చిన సమాధానాలను ఆమె పరిశీలించింది. పదేళ్ళలో ఆ సంఖ్య 18కి దిగింది. అయితే సైనికుని ఆరోగ్యం చుట్టుపక్కల గ్రామంపై ఆధారపడి ఉంటుందనీ, గ్రామపు ఆరోగ్యం నీటిపై ఆధారపడి ఉంటుందనీ ఆమె గ్రహించింది. 1874లో ప్రచురించిన చిన్న పుస్తకానికి సేద్యపునీటిని గురించిన అనుబంధం చేర్చింది. గోదావరి మండలంలో కొందరు పండితులు స్నానసంకల్పంలో తలచుకొనే ఆర్థర్ కాటన్ దొరతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపి, ఆయన కాలువల వాదాన్ని బలపరచింది.

అంతలో 1876 వచ్చింది. ధాత నామ సంవత్సరం. మా చిలమత్తూరు ప్రాంతపు పెద్దలకు ధాత కరువు అన్న మాట తాతల నోట విన్నదే. అనంతపురం అప్పటికి వేరు జిల్లా కాదు. 1882 వరకు బళ్ళారి జిల్లాలో భాగం. బళ్ళారి, కర్నూలు, కడప సీమలు మాడిపోయాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ మహాదర్బారు జరుగుతుండగా ఇక్కడ జనం ఊళ్ళు విడిచి పోతున్నారు. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కరువుపనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను, అనగా అరకిలో కన్న తక్కువ ధాన్యం చాలునని నిర్ణయించాడు. ఆ కరువులో దేశంలో మరణించినవారు యాభై లక్షలకు పైమాటేనని అంచనా.

ఈ వార్తలు ఆ గదికి చేరాయి. ఆమె పత్రికలకు వ్రాసింది, విరాళాల సేకరణకు తోడ్పడింది. 1878 ఆగస్టులో ఒక ప్రసిద్ధ మాసపత్రికలో భారత ప్రజలను గురించి దీర్ఘవ్యాసం ప్రకటించింది. కరువు దైవకృతమని చేతులు దులుపుకోవడం ఆమెకు సమ్మతం కాదు. రైతు వడ్డీవ్యాపారి చేతిలో చిక్కడం, శిస్తు భారం, నీటి నిర్లక్ష్యం, వీటన్నిటినీ పేరుపెట్టి ఎత్తిచూపింది. ఆ తరువాత పార్లమెంటు నియమించిన సంఘం కాటన్ వాదాన్ని త్రోసిపుచ్చింది. తుంగభద్ర నుండి తవ్విన కర్నూలు–కడప కాలువ నష్టాలను చూపి రైలుమార్గాలకే పెద్దపీట వేశారు. ఆమె వ్రాతలు ఆనాటికి ఫలించలేదు.

చెరువు త్రవ్వించడం మన ధర్మశాస్త్రాలలో పూర్తకర్మ, సప్తసంతానాలలో ఒకటి. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చెరువుకు కావలసిన అంగాలను వరుసగా లెక్కపెడుతుంది. ఆ శాసనం సంగతి ఆమె ఎరుగునని నేననను. మన ఆచారాలనన్నిటినీ ఆమె సరిగా గ్రహించిందనీ చెప్పలేను. అధికారుల కాగితాల ద్వారా చూచిన దేశం అది, తప్పులు దొర్లక మానవు. అయినా ఏళ్ళు గడిచేకొద్దీ దొరల నివేదికలకన్న పూణే సార్వజనిక సభ వంటి భారతీయ సంఘాల మాటకు ఎక్కువ విలువనిచ్చింది. రిపన్ ప్రభువు సంస్కరణలను సమర్థించింది. ఆమె క్రైస్తవం కూడా ఒక చర్చి గోడలలో ఇమిడేది కాదు. మధ్యయుగపు భక్తయోగుల రచనలను తానే అనువదించుకొంటూ, దేవునితో ఏకత్వమంటే ఆయన పనిలో పాలుపంచుకోవడమేనని భావించేది. ఇది మనకు కర్మయోగమన్న పేరుతో పరిచితమైనదే కదా!

చివరి సంవత్సరాలలో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన తొలి మహిళగా ఆమెను గౌరవించినప్పటికి జ్ఞాపకశక్తి కూడా సన్నగిల్లింది. 1910 ఆగస్టు 13న తొంభై ఏళ్ళ వయసులో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో మహారాజుల సరసన సమాధి చేస్తామని ప్రభుత్వం చెప్పగా బంధువులు వద్దన్నారు. ఆడంబరం వద్దని ఆమె ముందే కోరి ఉన్నది. ఎంబ్లీ సమీపాన ఈస్ట్ వెలో గ్రామపు చిన్న చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల ప్రక్కన ఆమెను ఉంచారు. శవపేటికను మోసినవారు ఆరుగురు సైనికులు. ఆ శిలపై ఆమె పూర్తి పేరు లేదు. రెండు పొడి అక్షరాలు, జనన మరణాల కాలం, అంతే.